మొదటి ఆమెన్

"నువ్వు ముందు ఆమెన్ అను. నువ్వంటే సంఘం అందుకుంటుంది" అన్నారు మా ఆయన. పెళ్ళయ్యాక మొదటి ఆదివారం, అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఆ చొక్కా నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను. ఎప్పుడు అనాలండీ అని అడిగాను. ప్రసంగం మధ్యలో ఆగి నీవైపు చూస్తాను, అప్పుడను అన్నారు. ఎంత గట్టిగా అని అడిగితే కాసేపు ఆలోచించి, వెనకబల్లదాకా వినబడాలి, కానీ ఆడమనిషి గొంతులా ఉండాలి అన్నారు. ఆడమనిషి గొంతు ఆడమనిషి గొంతులా కాక ఇంకెలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. అయినా తల ఊపాను. ఆ రోజు నుంచీ మా చర్చిలో ముందుబల్ల చివర నా చోటు, మొదటి ఆమెన్ నా పని.

పాస్టరుగారి భార్య అంటే చూసేవాళ్ళకి అదేదో పెద్ద హోదా. అందరూ అమ్మగారూ అంటారు. అమ్మగారూ, హాల్లో ఫ్యాను తిరగడం లేదు. అమ్మగారూ, ప్రభు బల్ల ద్రాక్షరసం గ్లాసులు ఇంకా కడగలేదు. అమ్మగారూ, మా ఇంటాయన మళ్ళీ చెయ్యి చేసుకున్నాడు, కాస్త అయ్యగారి చెవిన వెయ్యండి. శనివారం హాలు ఊడ్చి బల్లలు తుడవడం, ఎవరొచ్చినా టీ పెట్టడం, ఎవరింట్లో చావొచ్చినా వండి పట్టుకెళ్ళడం, వంటింట్లో నా పక్కన పీట వేసుకుని ఏడ్చేవాళ్ళ కథలన్నీ వినడం, వాటిలో పనికొచ్చేవి రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పడం, మర్నాటి ప్రసంగంలో అవన్నీ "నేనొక సహోదరిని కలిశాను" అని ఆయన నోట వినడం. జీతమూ లేదు, సెలవూ లేదు. "మావాడు దేవుడి సేవ చేస్తాడు, నువ్వు మావాడి సేవ చెయ్యి, పైన అంతా ఒక్క లెక్కలోనే పడుతుంది" అని మా అత్తగారు నాకు సువార్త చెప్పారు. ఆవిడ మామగారి సేవ చేసి చేసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆవిడ్ని అని ఏం లాభం?

నాకు ఈ మొద్దుబారడం ఎప్పుడు మొదలైందో బాగా తెలుసు. నెలలు నిండాక కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే మా ఆయన వేదిక ఎక్కి, మా ఇంట్లో జరిగినదానికి కూడా స్తోత్రం చెప్పగలిగాను అన్నారు. సంఘమంతా ముక్కులు చీదుతోంది. ఆయన ఆగారు. నావైపు చూశారు. పాలు దిగి లోపలి బట్ట తడిసిపోతోంది నాకు, మోచేతులు రెండూ ముందుకి పెట్టుకుని కూర్చున్నాను. ఆమెన్ అన్నాను. సంఘం అందుకుంది. బయటికొస్తూ అందరూ నా చేతులు పట్టుకుని, ఎంత విశ్వాసమమ్మా నీది, ఒక్క కన్నీటిచుక్క లేదు అన్నారు. అది విశ్వాసం కాదు, ఏడుపు రాలేదంతే. ఒకే తీరున కూర్చుంటే కాలు మొద్దుబారి, లేచి నిలబడగానే సూదులు గుచ్చినట్టై మళ్ళీ ప్రాణం వస్తుంది చూశారూ, నాకా సూదులు రాలేదు. వండుతున్నాను, ఉతుకుతున్నాను, ఆయన ఆగిన చోటల్లా ఆమెన్ అంటున్నాను. దుఃఖమూ లేదు, సంతోషమూ లేదు. ఇదీ ఒకందుకు మంచిదే, పనులు అవుతాయి.

ఈసారి మిషన్ ట్రిప్పు కొండమీది కుష్ఠు ఆశ్రమానికి అన్నారు మా ఆయన. పోస్టరు మీద ఆయన ఫొటో, కింద చిన్న అక్షరాల్లో "మరియు బృందం". బృందమంటే ముగ్గురు సంఘపెద్దలు, ఒక ఫొటోగ్రాఫరు, వంటకి నేను. "నువ్వూ రా, నీకూ కాస్త మార్పుగా ఉంటుంది" అన్నారు. మార్పంటే వేరే పొయ్యి. సంచులు సర్దుతుంటే చర్మం రంగు గ్లవ్స్ పెట్టె ఒకటి ఇచ్చి అడుగున పెట్టమన్నారు. అక్కడున్నవాళ్ళందరూ ఎప్పుడో మందులు వాడి నయమైనవాళ్ళండీ, వాళ్ళనుంచి అంటదట అన్నాను. డాక్టరువా నువ్వు అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే. ఆయన నన్ను ఎప్పుడూ కోపంగా ఏమీ అనలేదు, అదే నా కష్టం, ఎవరికి చెప్పుకున్నా నిలవదు.

ఆశ్రమమంటే కొండ అంచున పొడుగ్గా ఒక వరస గదులు, వాటి ముందు వసారా, చివర వంటిల్లు. చలి ఎముకల్లోకి దిగుతుంది. అక్కడివాళ్ళకి జబ్బు పోయింది గానీ ఇళ్ళవాళ్ళు మళ్ళీ రమ్మనలేదు. దాంతో అక్కడే ఉండిపోయి, తోట పెంచుకుని, మెత్తటి అడుగు ఉన్న చెప్పులు తామే కుట్టుకుని, తమ ఇల్లు తామే నడుపుకుంటున్నారు. వంటింట్లో నాకు తోడుగా ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు. ఒకావిడ పూర్వం బడిలో పాఠాలు చెప్పిందట, అందుకని ఇప్పటికీ పంతులమ్మ. రెండో ఆవిడ నా భుజందాకా కూడా రాదు, ఆవిడ పొట్టక్క. పంతులమ్మ పాదాలకి వేళ్ళు సగమే ఉన్నాయి గానీ చేతులు బాగున్నాయి. పొట్టక్క చేతివేళ్ళు ముడుచుకుపోయాయి గానీ కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. "వేళ్ళు ఆవిడవి, కళ్ళు నావి, ఇద్దరం కలిస్తే ఒక మనిషికి కాస్త ఎక్కువే" అంది పొట్టక్క, ముడుచుకున్న చేత్తోనే గరిట దొంగిలించి కూర రుచి చూస్తూ. ఉప్పు చాలలేదని తిట్టింది కూడా. నా వంటని మొహం మీద ఎవరైనా ఒక మాట అని ఎన్నాళ్ళయిందో. మా ఇంట్లో తినేసి లేచిపోతారు.

సాయంత్రమయ్యేసరికి గంట కొట్టారు. అందరూ జంటలు జంటలుగా వసారాలో కూర్చుని, తొట్టెల్లో మామూలు చన్నీళ్ళు పోసుకుని కాళ్ళు నానబెట్టుకున్నారు. ఇదేమైనా ప్రార్థనా అని అడిగాను. పంతులమ్మ నవ్వింది. జబ్బు పోయినా పోయిన స్పర్శ తిరిగి రాదట. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు మీద అడుగేసినా తెలియదు. తెలియకుండానే పుండవుతుంది, పుండు ఎముకదాకా పోతుంది, ఆపైన కాలే పోతుంది. అందుకని రోజూ ఒకరి కాళ్ళు ఇంకొకరు చూడాలి, చూసింది చూసినట్టు చెప్పాలి. అదొక్కటే అక్కడి కట్టుబాటు. జాలిపడి దాచకూడదు, బద్ధకించి దాటెయ్యకూడదు. "ఒకసారి ఈవిడకి జ్వరం. పాపం ఇప్పుడెందుకులే అని కాలి కింద పుండు చూసి కూడా ఏమీ లేదన్నాను. ఆ ఏమీ లేదన్న మాట ఖరీదు ఈవిడ కాలివేళ్ళు" అంది పొట్టక్క, పంతులమ్మ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని వెలుతురుకి తిప్పుతూ.  పంతులమ్మ రెండో పాదం కూడా ఆవిడ ఒళ్ళోనే పెట్టింది.

మీ ఇంటాయన ఎప్పుడూ రాలేదా అని అడిగాను పంతులమ్మని. నడుం మీద మచ్చ కనబడ్డ రోజు సంగతి చెప్పింది. గొడవేమీ పడలేదట, సామాను తానే సర్దిపెట్టి బయట పెట్టాడట. "మంచివాడేనమ్మా. తలుపు నెమ్మదిగానే వేశాడు" అంది. పొట్టక్క పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, నా నవ్వు నాకే కొత్తగా వినబడింది.

మర్నాడు ఉదయం పాదాలు కడిగే కార్యక్రమం. బైబిల్లో గురువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు, మా ఆయన ఒక రోగి కాళ్ళు కడుగుతారు. ఎవరి కాళ్ళన్నది ఫొటోగ్రాఫరు నిర్ణయించాడు. అందరినీ ఒకసారి చూసి, ఈ అమ్మవైతే బాగా పడతాయండీ అని పంతులమ్మని చూపించాడు. నన్ను నీళ్ళు కాచమన్నారు. కాచాను. అమ్మగారూ, బాగా మరిగించండి, ఆవిరి లేస్తే ఫొటోకి అందం అన్నాడు. ఆవిరీ లేచేలాగే కాచాను. చన్నీళ్ళ బకెట్టు ఒకటి పక్కన పెట్టుకుని, ఫొటో అయ్యాక కలుపుదామని వేడినీళ్ళ గిన్నె పట్టుకొచ్చి మా ఆయన పక్కన దించాను. పొట్టక్క పొయ్యి దగ్గరే ఉండిపోయింది, కూర మాడితే మీ దేవుడు వచ్చి కలుపుతాడా అని.

పంతులమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఖాళీ పళ్ళెంలో ఆవిడ పాదాలు పెట్టి, కిందికి చూడకమ్మా, అయ్యగారి మొహంలోకి చూడు అన్నారు. ఆవిడ బుద్ధిగా అలాగే చూసింది. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నారు. చేతులకి ఆ గ్లవ్స్. చెంబు గిన్నెలో ముంచారు. నేను బకెట్టు అందుకున్నాను. "ఆగండి, చన్నీళ్ళు కలపాలి" అన్నాను. ఆయన మొహం మీద నవ్వు చెదరలేదు. పళ్ళ మధ్య నుంచే, "వెనక్కెళ్ళు, ఫొటోలో పడుతున్నావ్" అన్నారు. నేను వెనక్కెళ్ళాను. ఇదీ నేను చేసిన పని. చెంబు వంగింది, ఆవిరి లేచింది, కెమెరా టపటపమంది. మళ్ళీ ముంచారు, మళ్ళీ పోశారు. పాదాన్ని చేత్తో పట్టుకోలేదు, మందపాటి తువ్వాలు వేసి పైపైన అద్దారు. పంతులమ్మ ఆయన మొహంలోకి చూస్తూ చిరునవ్వు నవ్వుతూనే ఉంది. ఎవరో స్తోత్రం అన్నారు. ఆయన ఆగి నావైపు చూశారు. ఆమెన్ అన్నాను.

సాయంత్రం గంట కొట్టాక పొట్టక్క పంతులమ్మ మేజోళ్ళు విప్పి చూసి, "ఉన్నాయి" అంది.

"ఏమున్నాయి?" అంది పంతులమ్మ.

"బొబ్బలు. రెండు కాళ్ళకీ. ఎడమ మడమ దగ్గర అప్పుడే చితికింది."

పంతులమ్మ కాసేపు తన కాళ్ళవైపు చూసుకుంది. "పొద్దున్న నీళ్ళు వేడిగా ఉన్నాయన్నమాట" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ నీళ్ళు కాచింది నేనేనమ్మా, వేడి తెలిసీ తప్పుకున్నాను అన్నాను. తెలుసు, కలపాలి అన్నావు, విన్నాను, కలిపే ఉంటారులే అనుకున్నా అంది. ఆశ్రమం నర్సు వచ్చి కట్టు కట్టింది. మానడానికి నెలలు పడుతుందో, మిగిలిన వేళ్ళు కూడా పోతాయో ఇప్పుడే చెప్పలేను అంది. నేను దీపం పట్టుకుని పక్కనే నిలబడ్డాను. అప్పుడు పొట్టక్క నా చెయ్యి చూసింది. దీపం లాక్కుని కింద పెట్టి, నా అరచేతులు రెండూ తిప్పి చూసింది. పొద్దున్న గిన్నె అంచు పట్టుకున్న చోట, రెండు చేతులకీ ఎర్రగా వాచి, కుడిచేతికి ఉబ్బిన పొక్కు. నేను గుడ్డ పట్టుకోలేదు. పట్టుకోలేదన్న సంగతే అప్పటిదాకా నాకు తెలియలేదు.

"నీకెన్నాళ్ళ నుంచి?" అంది పొట్టక్క.

"నాకా? నాకు జబ్బేమీ లేదండీ."

నమ్మలేదు. కళ్ళు మూసుకోమంది. చీపురుపుల్ల తీసి నా చేతిమీద అక్కడక్కడా ఆనించి, తెలిసినప్పుడల్లా చెప్పు అంది. తెలిసింది. వేలి చివర, మణికట్టు, మోచెయ్యి, అన్నిచోట్లా తెలిసింది. ఆవిడ పుల్ల పక్కన పడేసి, "చర్మానికి స్పర్శ బాగానే ఉంది. మరి ఏమైందే నీకు?" అంది.

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఏడవలేదని మెచ్చుకున్నారు గానీ ఏమైందని అడగలేదు. బిడ్డ సంగతి చెప్పాను. ఆడపిల్ల అని చెప్పాను. ఆడపిల్ల అన్న మాట అప్పటివరకూ నా నోట రాలేదు, మా ఆయన వేదిక మీద చెప్పిన సాక్ష్యంలో అది దేవుడు పంపిన ఒక శ్రమ మాత్రమే. ఆ ఆదివారం తడిసిన బట్ట సంగతి, ఆమెన్ సంగతి చెప్పాను. ఇద్దరూ దేవుడి చిత్తమమ్మా అనలేదు, ఓదార్చలేదు. పంతులమ్మ కట్టు కట్టిన కాళ్ళు చాపుకుని వింది. పొట్టక్క నా చేతికి మందు రాస్తూ, "అది పుండే. పెద్ద పుండే. ఇన్నేళ్ళూ దానిమీదే నడుస్తున్నావు" అంది. చూసింది చూసినట్టు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో మా ఆయన పక్కన కూర్చుని, పంతులమ్మ కాళ్ళు కాలిపోయాయండీ అని చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు, కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు. తర్వాత నా చెయ్యి తట్టి, "పోనీలే, వాళ్ళకి నొప్పి తెలియదు కదా" అన్నారు. కిటికీవైపు తిరిగి, ఇది మనిద్దరి మధ్యే ఉండనీ, సంఘానికి తెలిస్తే పరిచర్యకే చెడ్డపేరు అన్నారు. ఆయన తట్టింది పొక్కు ఉన్న చెయ్యి. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంటికొచ్చేదాకా ఆయన సర్దుబాటు మాటలేవీ వినలేదు, ఆ మంట ఆగిపోతుందేమోనని దాన్నే పట్టుకు కూర్చున్నాను.

ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. వెళ్ళి ముందుబల్ల చివర కూర్చున్నాను. హాలు నిండిపోయింది. తెర మీద ఫొటో వేశారు. మా ఆయన మోకాళ్ళ మీద, పంతులమ్మ చిరునవ్వు, మధ్యలో తెల్లగా ఆవిరి. నిజంగానే అందంగా పడింది. ఫొటో అంచున బకెట్టు పట్టుకున్న చెయ్యి ఒకటి మణికట్టుదాకా కనబడుతోంది. అది నాది.

మా ఆయన గొంతు బాగుంటుంది, అది నేనే ఒప్పుకుంటాను. కొండ గురించి చెప్పారు, చలి గురించి చెప్పారు, భర్త గెంటేసిన ఆ తల్లి గురించి చెప్పారు. అది నేను వ్యానెక్కకముందు ఆయనకి చెప్పిన కథ. నా ఒట్టి చేతులతో ఆ పాదాలు కడిగాను అన్నారు. వెనక ఆడవాళ్ళు అప్పుడే కళ్ళు ఒత్తుకుంటున్నారు. "స్పర్శ లేని ఆ పాదాల మీద నీళ్ళు పడగానే ఆ తల్లి ఏమందో తెలుసా? బాబూ, వెచ్చగా తెలుస్తోంది అంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పాదాలకి స్పర్శ వచ్చింది" అన్నారు. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. వచ్చే నెల సంఘమంతా కలిసి వెళదాం, అక్కడున్న ప్రతి ఒక్కరి పాదాలూ మనమందరం కడుగుదాం అన్నారు. "ఆమెన్ అంటారా?" అన్నారు.

ఆగారు. నావైపు చూశారు.

నోరు దానంతటదే తెరుచుకోబోయింది. ఇన్నేళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది? కుడిచేతి పిడికిలి బిగించాను. పొక్కు చితికి చెమ్మ తగిలింది, మంట మోచేతిదాకా పాకింది. నొప్పి. నొప్పి నొప్పిలాగే ఉంది. ప్రతి ఒక్కరి పాదాలూ అన్నారు ఈయన. వసారాలో ఆ వరసంతా కళ్ళముందు కనబడింది. పొట్టక్క ఎంతమందివని చూస్తుంది?

"మన అమ్మగారికి ప్రయాణం బడలిక ఇంకా తీరినట్టు లేదు" అన్నారు ఆయన నవ్వుతూ. హాలు నవ్వింది. మళ్ళీ అడిగారు, కాస్త నెమ్మదిగా, నాకొక్కదానికే వినబడే హెచ్చరికతో. "ఆమెన్ అంటారా?"

లేచి నిలబడ్డాను. కాళ్ళలో సూదులు గుచ్చుకుంటున్నాయి. ఆయనవైపు తిరగలేదు, వెనకబల్లలవైపు తిరిగాను.

"ఆవిడకి స్పర్శ రాలేదు" అన్నాను. "ఆవిడ కాళ్ళు కాలిపోయాయి. మరిగే నీళ్ళు పోశాం. ఆ నీళ్ళు కాచింది నేను, ఆపకుండా వెనక్కి తప్పుకుంది నేను. ఆమెన్ అన్నదీ నేనే. నాకు పుట్టింది ఆడపిల్ల. ఆ రోజు కూడా ఆమెన్ నా మనసులోంచి రాలేదు."

గొంతు వెనకబల్లదాకా వినబడింది. ఆడమనిషి గొంతులాగే ఉంది.  మా ఆయన మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాకు కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అప్పుడు చివరిబల్ల నుంచి, చెవి సరిగా వినబడని ఒక పెద్దావిడ, అమ్మగారి గొంతు తెలిసింది గనక, ఎప్పుడూ అనేలాగే ఆమెన్ అంది.

సంఘం అందుకుంది.